తొలిదశ జీర్ణాశయ క్యాన్సర్: ఎండోస్కోపీతో తీస్తే సరిపోతుందా, ఆపరేషన్ తప్పదా?

గ్యాస్ నొప్పి అనుకుని ఎండోస్కోపీ చేయించుకుంటే కడుపులో చిన్న మచ్చ కనిపిస్తుంది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలుతుంది. సీటీ స్కాన్‌లో మాత్రం మరెక్కడా ఏమీ ఉండదు. ఇంట్లో అయోమయం అక్కడే మొదలవుతుంది. గ్యాస్ట్రోఎంటరాలజిస్టు "గొట్టంతోనే తీసేయొచ్చు, నాలుగు రోజుల్లో ఇంటికెళ్లిపోవచ్చు" అంటారు. సర్జన్ "కడుపులో మూడింట రెండొంతులు తీసేయాలి" అంటారు. రూపాయి బిళ్లంత మచ్చకు ఇంత తేడాగా రెండు సలహాలు వస్తే, ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారనే అనిపిస్తుంది. చాలాసార్లు ఇద్దరి మాటలోనూ తప్పుండదు. ఒకరు చూస్తున్నది మచ్చను, ఇంకొకరు చూస్తున్నది దాని వెనక ఉన్న లింఫ్ నోడ్లను, అంటే క్యాన్సర్ పాకే వీలున్న చిన్న గ్రంథులను.

మచ్చను పూర్తిగా తీయడం రెండు పద్ధతుల్లోనూ సాధ్యమే. ఎండోస్కోపీతో చేసే చికిత్స కడుపు గోడ లోపలి పొరలను మాత్రమే ఒలిచి తెస్తుంది. గోడ బయట, రక్తనాళాల వెంబడి ఉండే లింఫ్ నోడ్లను అది తాకలేదు. ఆపరేషన్ గోడనూ, ఆ నోడ్లనూ కలిపి తీస్తుంది. కాబట్టి అసలు తేల్చాల్సిన సంగతి ఒక్కటే: ఈ రోగికి నోడ్లలోకి క్యాన్సర్ చేరే అవకాశం ఎంత? అది దాదాపు సున్నా అయితే కడుపును కోయడం దండగ. ఆపరేషన్‌లో ఉండే ముప్పుకంటే ఎక్కువైతే గొట్టంతో సరిపెట్టడం ప్రమాదం. నోడ్ల సంగతి స్కాన్‌లో సరిగ్గా కనిపించదన్నదే చిక్కు. మామూలు సైజులో ఉన్న నోడ్‌లోనూ క్యాన్సర్ కణాలు దాక్కోవచ్చు. అవి సీటీకి దొరకవు, ఇంత చిన్న గడ్డల్లో పెట్ స్కాన్ కూడా పెద్దగా ఉపయోగపడదు. అందుకే గడ్డ లక్షణాలను బట్టి నోడ్ల పరిస్థితిని అంచనా వేస్తారు.

గోడలో ఎంత లోతు?

కడుపు గోడను లోపలి నుంచి చూస్తే మొదట మ్యూకోసా, అంటే జిగురు ఊరే లోపొర. దాని కింద పల్చటి కండర తెర. ఆ కింద సబ్‌మ్యూకోసా. ఇది మెత్తగా, వదులుగా, రక్తనాళాలతోనూ లింఫ్ నాళాలతోనూ నిండి ఉంటుంది. తర్వాత మందమైన కండర పొర, చివరికి బయటి పైపొర. క్యాన్సర్ మ్యూకోసాలో గానీ, సబ్‌మ్యూకోసాలో గానీ ఆగి ఉంటే దాన్ని 'తొలిదశ' అంటారు. ఈ నిర్వచనం 1962లో జపాన్ ఎండోస్కోపీ వైద్యులు ఇచ్చింది. గమనించాల్సింది ఏమిటంటే, నోడ్లలోకి పాకినా సరే, గోడలో లోతు అంతే అయితే దాన్ని తొలిదశే అన్నారు. రిపోర్టులో ఆ మాట చూసి 'ఎక్కడికీ పాకలేదు' అని అర్థం చేసుకోకూడదు.

మ్యూకోసా దాటిందా లేదా అన్నది అర మిల్లీమీటరు లెక్కల్లో నడుస్తుంది. కండర తెర దాటి సబ్‌మ్యూకోసాలోకి 500 మైక్రాన్ల లోపు, అంటే అర మిల్లీమీటరు లోపు దిగితే ఎస్‌ఎం1. అంతకు మించితే ఎస్‌ఎం2. ఈ గీతకు అటు ఇటు చికిత్సే మారిపోతుంది.

దీనికి ఆధారమైన అంకెలు జపాన్ నుంచి వచ్చాయి. టోక్యోలోని రెండు పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో నోడ్లతో సహా ఆపరేషన్ జరిగిన 5,265 మంది తొలిదశ రోగుల వివరాలను 2000లో ప్రచురించారు. మ్యూకోసాలోనే ఆగిన 3,016 మందిలో 65 మందికి, అంటే 2.2 శాతం మందికి నోడ్లలో క్యాన్సర్ ఉంది. సబ్‌మ్యూకోసాలోకి దిగిన 2,249 మందిలో 402 మందికి, అంటే 17.9 శాతం మందికి. ఒక్క పొర తేడాకు ముప్పు ఎనిమిది రెట్లు. అసలు ఉపయోగపడింది అంతకంటే సూక్ష్మమైన విభజన. కణాలు డిఫరెన్షియేటెడ్ రకమై (అంటే ఇంకా గొట్టాల్లాంటి ఆకారం కడుతూ), పుండు లేకుండా, లింఫ్ నాళాల్లోకీ రక్తనాళాల్లోకీ చొరబడకుండా, మ్యూకోసాలోనే ఉన్న 929 మందిని విడిగా చూస్తే ఒక్కరికీ నోడ్లలో క్యాన్సర్ లేదు. గడ్డ ఎంత వెడల్పున్నా సరే! అదే రకం 3 సెంటీమీటర్ల లోపు ఉంటే పుండు ఉన్నా లేకున్నా 1,230 మందిలో సున్నా. ఎండోస్కోపీ చికిత్సకు పునాది ఈ సున్నాలే.

ఆ సున్నాను కూడా గణాంకాల కళ్లతో చూడాలి. 3 సెంటీమీటర్ల లోపు ఉండి ఎస్‌ఎం1 దాకా మాత్రమే దిగిన రకంలో కూడా సున్నానే వచ్చింది, కానీ అక్కడ చూసింది 145 మందినే. అంత తక్కువ మందిలో సున్నా వస్తే నిజమైన ముప్పు 2.5 శాతం దాకా ఉండే వీలుంది. 929 మందిలో సున్నా వస్తే 0.4 శాతానికి మించదు. రెండూ సున్నాలే, బరువు మాత్రం ఒకటి కాదు.

ఎవరికి గొట్టం, ఎవరికి కత్తి

బయాప్సీ రిపోర్టులో మొదట చూడాల్సింది కణాల రకం. 'వెల్ డిఫరెన్షియేటెడ్', 'మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్' అని ఉంటే కణాలు ఇంకా గొట్టాల్లాంటి ఆకారం కడుతున్నాయని అర్థం, ఇదే డిఫరెన్షియేటెడ్ రకం. ఈ గడ్డకు హద్దులు కనిపిస్తాయి. 'పూర్లీ డిఫరెన్షియేటెడ్', 'సిగ్నెట్ రింగ్' అని ఉంటే అది అన్‌డిఫరెన్షియేటెడ్ రకం: కణాలు విడివిడిగా, పైపొర మామూలుగానే కనిపిస్తుండగా దాని కింద పక్కలకు పాకిపోతాయి. పైనుంచి చూసి గీత గీయడం కష్టం, లింఫ్ నాళాల్లోకి చేరే గుణమూ ఎక్కువ. అందుకే దీనికి షరతులు బిగుతు.

జపాన్ మార్గదర్శకాల ప్రకారం, గడ్డ మ్యూకోసాలోనే ఉందని అంచనా వేసినప్పుడు ఎండోస్కోపీకి తగినవి మూడు రకాలు. డిఫరెన్షియేటెడ్ రకం, పుండు గానీ పుండు మచ్చ గానీ లేనిది: సైజుకు హద్దు లేదు. డిఫరెన్షియేటెడ్ రకమే, పుండు ఉన్నది: 3 సెంటీమీటర్ల లోపు. అన్‌డిఫరెన్షియేటెడ్ రకం, పుండు లేనిది: 2 సెంటీమీటర్ల లోపు. ఈ మూడో రకాన్ని మొదట్లో ఎండోస్కోపీకి దూరంగానే ఉంచారు. జపాన్‌లో దానికోసమే ప్రత్యేకంగా చేసిన పరిశోధనలో అయిదేళ్ల ఫలితాలు బాగున్నాకే పూర్తి స్థాయి అర్హత దక్కింది.

పుండుకు ఎందుకంత ప్రాధాన్యం? పుండు పడినచోట కండర తెర తెగి ఉంటుంది. మానినప్పుడు అక్కడ పీచులాంటి గట్టి కణజాలం ఏర్పడుతుంది. క్యాన్సర్ ఆ దారిన కిందికి దిగిందేమో పైనుంచి పసిగట్టడం కష్టం. ఆ గట్టిదనం వల్ల పొరను ఎత్తి ఒలవడమూ కష్టమే. ఇక్కడ మన దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. అనుమానం తీరక అదే మచ్చ నుంచి మళ్లీ మళ్లీ బయాప్సీ ముక్కలు తీస్తుంటారు. ప్రతి ముక్కా ఒక చిన్న గాయం, ప్రతి గాయమూ ఒక చిన్న మచ్చ. గొట్టంతో తీయాలని అనుకుంటున్న గడ్డకు చూపున్న చోట గురిచూసి ఒకటి రెండు ముక్కలు తీస్తే చాలు.

గడ్డ సబ్‌మ్యూకోసాలోకి లోతుగా దిగినట్టు స్పష్టంగా కనిపిస్తే, అంటే మధ్యలో గట్టిగా ఉబ్బి, గాలి నింపినా ఆ చోటు సాగకుండా, చుట్టూ మడతలు దగ్గరకు లాగినట్టుంటే, నేరుగా ఆపరేషనే. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ కొంత సాయపడుతుంది కానీ దాన్నే నమ్ముకుంటే ఇబ్బంది. పుండు చుట్టూ ఉన్న వాపును, పీచును చూసి అది క్యాన్సర్ లోతుగా దిగిందని చెప్పేస్తుంటుంది. దాని మాటపై అనవసరంగా కడుపు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. అనుభవం ఉన్న వైద్యులు ముందు కడుపులోని జిగురును, నురగను కడిగేసి, ఇండిగో కార్మైన్ అనే నీలిరంగు చల్లి, తర్వాత నారో బ్యాండ్ ఇమేజింగ్ అనే ప్రత్యేక కాంతి కింద పెద్దదిగా చేసి చూస్తారు. చిన్న రక్తనాళాల అల్లిక ఎక్కడ చెదిరిందో, ఎక్కడినుంచి మళ్లీ మామూలుగా ఉందో ఆ గీత దొరికితే సగం పని అయినట్టే. అన్‌డిఫరెన్షియేటెడ్ రకంలో ఆ గీతను కూడా నమ్మరు. మచ్చ చుట్టూ నాలుగు వైపులా బయాప్సీ తీసి, అక్కడ క్యాన్సర్ లేదని రిపోర్టు వచ్చాకే ముందుకెళ్తారు.

ఈఎస్‌డీ ఎలా చేస్తారు

మొదట్లో ఉన్న పద్ధతి ఈఎంఆర్: గడ్డ కింద ద్రవం నింపి, తీగ ఉచ్చు వేసి కోయడం. అది 2 సెంటీమీటర్లు దాటితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. ముక్కలైతే అంచు ఎక్కడుందో ప్యాథాలజిస్టు చెప్పలేరు, మిగిలిపోయి తిరగబెట్టే అవకాశమూ ఎక్కువ. దీనికి విరుగుడుగా 1990ల చివర్లో జపాన్ నేషనల్ క్యాన్సర్ సెంటర్‌లో ఐటీ నైఫ్ వచ్చింది. కరెంటు కత్తి మొనకు చిన్న పింగాణీ గుండు తొడిగారు, గోడలోకి గుచ్చుకోకుండా. దాంతో ఎంత పెద్ద మచ్చనైనా ఒకే ముక్కగా ఒలిచే ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్, అంటే ఈఎస్‌డీ స్థిరపడింది. 2006లో జపాన్ ఆరోగ్య బీమా కడుపు ఈఎస్‌డీకి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది.

పని ఇలా సాగుతుంది. గడ్డ హద్దుకు సుమారు 5 మిల్లీమీటర్ల బయట చుట్టూ చుక్కలు కాలుస్తారు. ఆ చుక్కల కింద సబ్‌మ్యూకోసాలోకి ద్రవం ఎక్కించి పొరను బుడగలా లేపుతారు. ఉప్పునీరైతే తొందరగా ఇంకిపోతుంది కాబట్టి గ్లిసరాల్ ద్రవం గానీ హయలురోనిక్ ఆమ్లం గానీ వాడతారు. అందులో కొద్దిగా అడ్రినలిన్, నీలిరంగు కలుపుతారు. ఆ నీలి రంగే దారి చూపిస్తుంది: కత్తి నీలంలో ఉన్నంతసేపు సబ్‌మ్యూకోసాలో ఉన్నట్టు, తెల్లగా మెరిసే పీచులు కనిపిస్తే కండరానికి దగ్గరైనట్టు. చుక్కల బయటి నుంచి చుట్టూ కోసి, తర్వాత కింద పొరను కొంచెం కొంచెంగా విడదీస్తారు. ఎదురుపడ్డ ప్రతి రక్తనాళాన్నీ కోయకముందే పట్టకారుతో పట్టి కాల్చి మూస్తారు. పొర వేలాడి కనిపించకపోతే అంచుకు క్లిప్పు వేసి, దానికి పళ్ల సందుల్లో వాడే దారం కట్టి నోటి నుంచి బయటికి లాగి పట్టుకుంటారు. చవకైన ఉపాయమే, కానీ కష్టమైన చోట్ల సమయాన్ని బాగా తగ్గిస్తుంది. గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. రంధ్రం పడినా అది త్వరగా రక్తంలో కలిసిపోతుంది.

కడుపు కింది భాగంలో 2 సెంటీమీటర్ల గడ్డకు గంట, గంటన్నర పట్టొచ్చు. పైభాగంలో పెద్ద వంపు వైపు ఉంటే, పుండు మచ్చ ఉంటే మూడు నాలుగు గంటలైనా ఆశ్చర్యం లేదు. అక్కడ గోడ పల్చన, రక్తనాళాలు లావు. రోగి ఎడమ పక్కకు పడుకుంటే రక్తం, నీళ్లు సరిగ్గా అక్కడే మడుగు కడతాయి.

ఇబ్బందులు ఏ దశలో వస్తాయో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. గోడకు రంధ్రం పడటం నూటికి రెండు నుంచి అయిదుగురిలో జరుగుతుంది. అప్పటికప్పుడు చూస్తే క్లిప్పులతో మూసేస్తారు, చాలామందికి ఆపరేషన్ అవసరం రాదు. పొట్టలోకి గాలి ఎక్కువగా చేరి ఊపిరి, బీపీ ఇబ్బంది పెడితే పొట్టలోకి సూది గుచ్చి గాలి తీసేస్తారు. ఒకటి రెండు రోజుల తర్వాత ఆలస్యంగా రంధ్రం పడటం అరుదు, కానీ అది క్లిప్పులకు లొంగదు, సాధారణంగా ఆపరేషన్ దాకా వెళ్తుంది. కారణం, కండర పొరను మరీ ఎక్కువగా కాల్చడం. రక్తస్రావం ఇంకా సాధారణం: నూటికి అయిదుగురు అటూ ఇటూ. ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో, కొందరికి రెండు వారాల దాకా. మలం తారులా నల్లగా వచ్చినా, నెత్తురు వాంతైనా, కళ్లు తిరిగి పడిపోతున్నట్టున్నా అదే రాత్రి ఆస్పత్రికి వెళ్లాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఈ ముప్పు చాలా ఎక్కువ. అలాగని గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు ఆస్పిరిన్‌ను సొంతంగా మానేయకూడదు. ఏది ఎన్ని రోజులు ఆపాలో గుండె వైద్యుడు, ఎండోస్కోపీ వైద్యుడు కలిసి నిర్ణయించాలి.

మిగిలేది ఒక పుండు. ఎంత పెద్దదైనా ఆమ్లం తగ్గించే మందులతో సుమారు ఎనిమిది వారాల్లో మానుతుంది. అన్నవాహిక కడుపులో కలిసేచోట గానీ, కడుపు నుంచి పేగులోకి వెళ్లే ద్వారం దగ్గర గానీ చుట్టుకొలతలో నాలుగింట మూడొంతులకు పైగా ఒలిస్తే మానేటప్పుడు ఆ దారి ఇరుకవుతుంది. అప్పుడు బెలూన్‌తో పలుమార్లు సాగదీయాల్సి వస్తుంది. ఇది ముందే తెలిసే ముప్పు కాబట్టి ముందే చెప్పించుకోవాలి.

తీసిన ముక్కే తీర్పు చెబుతుంది

ఈఎస్‌డీ గురించి చాలామందికి అందని విషయం ఇదే. అది చికిత్స మాత్రమే కాదు, అన్నిటికంటే కచ్చితమైన పరీక్ష కూడా. ముందు వేసిన లోతు అంచనాలన్నీ అంచనాలే, అసలు లోతు ముక్కను మైక్రోస్కోప్ కింద చూశాకే తెలుస్తుంది. అందుకే ముక్క బయటికి రాగానే దాన్ని రబ్బరు పలక మీద పరిచి, చుట్టూ గుండుసూదులతో సాగదీసి గుచ్చి ఫార్మలిన్‌లో ఉంచాలి. సూదులు గుచ్చకుండా అలాగే సీసాలో వేసేస్తే ముక్క ముడుచుకుపోతుంది. అంచు ఏదో, లోతు ఎంతో ఇక చెప్పలేరు. మంచి ఈఎస్‌డీని ఈ ఒక్క అజాగ్రత్త పాడుచేస్తుంది. తర్వాత ప్యాథాలజిస్టు ముక్క మొత్తాన్ని 2 మిల్లీమీటర్ల మందంతో వరుసగా కోసి ప్రతి ముక్కనూ చూడాలి.

రిపోర్టులో ఉండాల్సినవి: ఒకే ముక్కగా వచ్చిందా, పక్క అంచులు శుభ్రంగా ఉన్నాయా, అడుగు అంచు శుభ్రంగా ఉందా, లోతు ఎన్ని మైక్రాన్లు, సైజు ఎన్ని మిల్లీమీటర్లు, కణాల రకం, పుండు ఉందా, లింఫ్ నాళాల్లోకి చొరబడిందా, రక్తనాళాల్లోకి చొరబడిందా. వీటిలో ఒక్కటి లేకున్నా రిపోర్టు అసంపూర్ణమే, అడిగి రాయించుకోవాలి.

ఈ వివరాలతో జపాన్ వైద్యులు ఫలితాన్ని 'ఈక్యూరా' అనే వర్గాలుగా విడదీస్తారు. అంచులు, నాళాలు శుభ్రంగా ఉండి ముందు చెప్పిన షరతుల్లో సరిపోతే ఈక్యూరా-ఎ. డిఫరెన్షియేటెడ్ గడ్డ 3 సెంటీమీటర్ల లోపు ఉండి ఎస్‌ఎం1 దాకా దిగితే ఈక్యూరా-బి. ఈ రెండిటికీ చికిత్స పూర్తయినట్టే, ఆపై గమనిస్తూ ఉంటే చాలు. డిఫరెన్షియేటెడ్ గడ్డ మిగతా షరతుల్లో సరిపోయి, పక్క అంచులో మాత్రమే కణాలు మిగిలినా, ముక్కలుగా వచ్చినా ఈక్యూరా సి-1. అది ఆ చోటికి మాత్రమే సంబంధించిన సమస్య. మళ్లీ ఈఎస్‌డీ చేయవచ్చు, దగ్గరగా గమనించవచ్చు, ఆపరేషనూ చేయవచ్చు. మిగతావన్నీ సి-2. దీనికి సలహా ఆపరేషనే.

సి-2 అని రాగానే 'ఈఎస్‌డీ దండగైంది, మొదటే ఆపరేషన్ చేయించాల్సింది' అని కుటుంబాలు బాధపడుతుంటాయి. అందులో నష్టం దాదాపు లేదు. ఈఎస్‌డీ తర్వాత చేసే ఆపరేషన్ ఫలితాన్ని ముందు జరిగిన ఈఎస్‌డీ పాడుచేయదు. సి-2లో ఆపరేషన్ చేయించుకున్న పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి నోడ్లలో ఏమీ దొరకదు. ఆ ఒక్కరు ఎవరన్నది ముందే అంచనా వేయడానికి ఒక పాయింట్ల పట్టీ ఉంది. లింఫ్ నాళాల్లో చొరబాటు ఉంటే 3 పాయింట్లు. 3 సెంటీమీటర్లు దాటిన సైజు, అడుగు అంచులో క్యాన్సర్, రక్తనాళాల్లో చొరబాటు, ఎస్‌ఎం2 లోతు, వీటికి ఒక్కో పాయింటు. మొత్తం 0 లేదా 1 అయితే నోడ్ల ముప్పు 2.5 శాతం. 2 నుంచి 4 అయితే 6.7 శాతం. 5 నుంచి 7 అయితే 22.7 శాతం. అరవై ఏళ్ల ఆరోగ్యవంతుడికి 6.7 శాతం అంటే ఆపరేషన్ వైపే మొగ్గు. ఎనభై రెండేళ్ల వయసు, ఊపిరితిత్తుల జబ్బు, గుండె బలహీనత ఉన్న మనిషికి 1 పాయింటు వస్తే కడుపు కోయడం కంటే ఆర్నెల్లకోసారి స్కాన్‌తో చూసుకోవడం మెరుగు కావచ్చు. పట్టీ చెప్పేది ముప్పు ఎంతో. ఆ ముప్పును మోయాలా వద్దా అన్నది రోగి, కుటుంబం, వైద్యులు కూర్చుని తేల్చుకోవాలి.

ఆపరేషన్ అంటే ఏం తీస్తారు, ఏం పోతుంది

గడ్డ కింది భాగంలో ఉంటే కింది మూడింట రెండొంతుల కడుపును, దాన్ని ఆనుకున్న నోడ్లను తీసి, మిగిలిన కడుపును పేగుకు కలుపుతారు. మధ్యలో ఉండి, కింది ద్వారానికి కనీసం 4 సెంటీమీటర్ల దూరం ఉంటే ఆ ద్వారాన్ని ఉంచేసే పద్ధతి ఉంది. పైభాగంలో ఉంటే పైభాగాన్ని మాత్రమే తీయవచ్చు, కొన్నిసార్లు మొత్తం కడుపు తీయాల్సి వస్తుంది. ఇప్పుడు ఇవన్నీ ఎక్కువగా లాపరోస్కోపీతోనే, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి. కొరియాలో 1,416 మందితో చేసిన పరిశోధనలో లాపరోస్కోపీ ఆపరేషన్‌లో సమస్యలు 13 శాతం, పొట్ట కోసి చేసినదాంట్లో 19.9 శాతం. అయిదేళ్లు బతికినవారు వరుసగా 94.2, 93.3 శాతం. అంటే రంధ్రాల ద్వారా చేస్తే క్యాన్సర్ ఫలితం తగ్గలేదు, ఇబ్బందులు తగ్గాయి. అయితే లాపరోస్కోపీని చిన్న ఆపరేషన్ అనుకోకూడదు. చర్మం మీద కోత చిన్నదే, లోపల తీసే కడుపు మాత్రం అంతే.

కుట్ల దగ్గర లీకు, పాంక్రియాస్ రసం కారడం, రక్తస్రావం లాంటివి మొదటి రెండు వారాల భయాలు. వాటిని దాటాక మొదలయ్యే జీవితమే అసలు తేడా. కింది ద్వారం లేకపోతే తిన్నది నేరుగా పేగులోకి జారుతుంది. తిన్న అరగంట లోపే గుండెదడ, చెమట, కడుపులో మెలిపెట్టడం రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. రెండు మూడు గంటల తర్వాత చక్కెర పడిపోయి వణుకు, నీరసం రావడం రెండో రకం. పళ్లెం నిండా అన్నం, చివర పాయసం, మధ్యమధ్యలో గ్లాసుల కొద్దీ నీళ్లు తాగే మన తిండి పద్ధతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. రోజుకు అయిదారుసార్లు కొంచెం కొంచెంగా, నమిలి తినడం, తీపి తగ్గించడం, గుడ్డు, పప్పు, పెరుగు, చేపల్లాంటి మాంసకృత్తులు పెంచడం, నీళ్లు భోజనానికి అరగంట అటో ఇటో తాగడం అలవాటు చేసుకోవాలి. చాలామంది బరువు పదో వంతు దాకా తగ్గుతారు, కడుపు మొత్తం తీస్తే ఇంకా ఎక్కువ. ఇనుము తగ్గుతుంది. పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. కడుపు మొత్తం తీసినవారికి తిండిలోని విటమిన్ బి12 ఇక సరిగ్గా ఒంటికి పట్టదు. కాలేయంలో నిల్వ ఉండటం వల్ల ఆ లోటు వెంటనే కాకుండా కొన్నేళ్లకు బయటపడుతుంది. అప్పటికి ఆపరేషన్ సంగతి అందరూ మరచిపోయి ఉంటారు, కాళ్ల తిమ్మిర్లకు ఇంకేదో వైద్యం నడుస్తుంటుంది. జీవితాంతం బి12 తీసుకోవడం తప్పదని మొదటి రోజే రాసి పెట్టుకోవాలి.

ఈఎస్‌డీ చేసినవారికి కడుపు కడుపుగానే ఉంటుంది. తిండి మారదు. ఇంత తేడా ఉంటుంది కాబట్టే అర్హత ఉన్నచోట ఈఎస్‌డీని ముందు పెట్టాలన్న వాదన బలంగా ఉంది.

బతుకు లెక్క

రెండిటినీ చీటీ వేసినట్టు రోగులకు పంచి పోల్చిన పెద్ద పరిశోధనలు లేవనే చెప్పాలి. ఉన్నవి ఎక్కువగా పాత రికార్డులను, ఒకే లక్షణాలున్నవారిని జతచేసి పోల్చినవి. వాటిలో అర్హత సరిగ్గా చూసినప్పుడు క్యాన్సర్‌తో చనిపోయినవారి లెక్కలో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. ఈఎస్‌డీ మీద విడిగా జపాన్‌లో 470 మందితో చేసిన పరిశోధనలో అయిదేళ్లు బతికినవారు 97 శాతం. దీన్ని కొరియా ఆపరేషన్ల 94 శాతం పక్కన పెట్టి ఈఎస్‌డీయే గొప్పదని చెప్పడం తప్పు. ఆ పరిశోధనలో ఈఎస్‌డీకి ఎంపికైనవి అతి చిన్న ముప్పున్న గడ్డలు. పోలిక ఒకే రకం గడ్డల మధ్యే జరగాలి.

ఒక విషయంలో మాత్రం ఈఎస్‌డీ స్పష్టంగా వెనకబడుతుంది. కడుపు మొత్తం అలాగే ఉంటుంది కాబట్టి, క్యాన్సర్‌కు దారితీసిన పాత జబ్బుపడిన లోపొరా అలాగే ఉంటుంది. అందులో మరోచోట కొత్త క్యాన్సర్ పుట్టవచ్చు. జపాన్, కొరియాల్లో ఇది ఏడాదికి నూటికి రెండు మూడు దాకా ఉంటుంది. అందుకే కడుపులో చేరి క్యాన్సర్ ముప్పు పెంచే హెలికోబాక్టర్ పైలోరి సూక్ష్మజీవి ఉంటే దాన్ని పోగొట్టాలి. 2018లో ప్రచురితమైన కొరియా పరిశోధనలో ఆ మందులు వాడినవారిలో 7.2 శాతం మందికి, వాడనివారిలో 13.4 శాతం మందికి కొత్త క్యాన్సర్ వచ్చింది. సగానికి తగ్గింది, సున్నా కాలేదు. మందుల కోర్సు అయిపోయాక కనీసం నాలుగు వారాలకు, ఆమ్లం తగ్గించే మాత్ర రెండు వారాలు ఆపి, శ్వాస పరీక్షతో సూక్ష్మజీవి పోయిందని నిర్ధారించుకోవాలి. తర్వాత ఆర్నెల్లకు లేదా ఏడాదికోసారి ఎండోస్కోపీ, ఆపకుండా. కొత్తగా వచ్చిన మచ్చ కూడా సమయానికి దొరికితే మళ్లీ ఈఎస్‌డీతోనే పోతుంది. ఏటా వచ్చి చూపించుకోలేని మనిషికి, ఊరు దూరమైనవాళ్లకు, ఈ ఒక్క కారణం చేతే ఈఎస్‌డీ ప్రయోజనం తగ్గిపోతుంది. అయితే కడుపులో కొంత భాగం తీసినవారూ ఎండోస్కోపీ మానకూడదు, మిగిలిన భాగంలోనూ క్యాన్సర్ వస్తుంది.

ఇక్కడి పరిస్థితి

కొరియాలో 40 ఏళ్లు దాటినవారికి రెండేళ్లకోసారి ప్రభుత్వమే పరీక్ష చేయిస్తుంది. జపాన్‌లోనూ దేశవ్యాప్త పరీక్షలు ఉన్నాయి. అందుకే అక్కడ సగానికి పైగా రోగులు తొలిదశలోనే దొరుకుతారు. మన దగ్గర అలాంటి కార్యక్రమం లేదు. మన జనంలో హెలికోబాక్టర్ పైలోరి ఎక్కువే అయినా, ఈశాన్య రాష్ట్రాలను, ముఖ్యంగా మిజోరంను మినహాయిస్తే, కడుపు క్యాన్సర్ తూర్పు ఆసియా అంత ఎక్కువగా ఉండదు. ఈ చిక్కుముడిని వైద్యులు చాలాకాలంగా చర్చిస్తున్నారు. ఫలితంగా తొలిదశ కేసులు తక్కువ, ఈఎస్‌డీ చేతులు తిరగడానికి అవకాశాలూ తక్కువ. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ లాంటి కొన్ని పెద్ద కేంద్రాల్లో ఈ పని జరుగుతోంది. చిన్న ఊళ్లలో ఆశించడం కుదరదు.

కాబట్టి ఎక్కడ చేయించుకోవాలో తేల్చుకునే ముందు మొహమాటపడకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కడుపు ఈఎస్‌డీలు ఇప్పటిదాకా ఎన్ని చేశారు, వాటిలో ఎన్ని ఒకే ముక్కగా వచ్చాయి, రంధ్రం పడితే అర్ధరాత్రి వచ్చి చూసే సర్జన్ అదే భవనంలో ఉన్నారా, ముక్కను చూసే ప్యాథాలజిస్టుకు ఈ పద్ధతి పరిచయమేనా. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే చాలదు. బయాప్సీ స్లైడ్లు, పారాఫిన్ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు), ఎండోస్కోపీ ఫొటోలు లేదా వీడియో కావాలి. బ్లాకులు ఉంటే లోతును, నాళాల్లో చొరబాటును మరో ప్యాథాలజిస్టు కొత్తగా రంగులు వేసి చూడగలరు. అదే ముక్కలు ముక్కలుగా తెంపి, సూదులు గుచ్చకుండా సీసాలో వేసేస్తే, ఎంత పెద్ద ప్యాథాలజిస్టు చూసినా ఆ అంచు ఎక్కడుందో చెప్పలేరు. అప్పుడు నోడ్లలో ఏమీ లేకపోయినా ఆ అనుమానం ఒక్కదాని కోసమే కడుపు కోయాల్సి వస్తుంది.